గంట గడవదు, ఏడాది ఆగదు: రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. మీకు 41 ఏళ్ళు. చెన్నైలోని వేళచ్చేరిలో ఉంటూ ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లోని ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో పనిచేస్తున్నారు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు గడియారం ముల్లు కదలదు, కానీ మొన్ననే నామకరణం చేసినట్టున్న పాప ఈ జూన్‌లో మూడో తరగతికి వెళ్ళింది. ఒంగోలు నుంచి వచ్చి మీ దగ్గర ఉంటున్న 74 ఏళ్ళ నాన్నగారు రోజూ "పొద్దు పోవడం లేదు" అంటారు, తీరా ఆయన వచ్చి ఎనిమిది నెలలైందని మీరు చెబితే "రెండు నెలలైనా అయ్యుండవే" అని ఆశ్చర్యపోతారు. గంటలు ఇంత నెమ్మదిగానూ ఏళ్ళు ఇంత వేగంగానూ ఎలా గడుస్తాయి, వయసు పెరిగేకొద్దీ ఏడాది అనేది జీవితంలో చిన్న భాగం అయిపోతుంది కాబట్టి అలా అనిపిస్తుందన్న లెక్క నిజమేనా, నాన్నగారిది మతిమరుపు వ్యాధికి (డిమెన్షియాకు) తొలి సూచన కాదు కదా అన్నవి మీ సందేహాలు.

గంట సాగడానికీ ఏడాది కుంచించుకుపోవడానికీ కారణం చాలావరకు ఒక్కటే. గడుస్తున్న కాలాన్ని మనసు ఒక కొలతతో కొలుస్తుంది, గడిచిపోయిన కాలాన్ని వేరొక కొలతతో కొలుస్తుంది. మొదటిదానికి కొలత, ఆ సమయంలో మన ధ్యాస కాలం మీద ఎంత ఉన్నదన్నది. రెండవదానికి కొలత, ఆ వ్యవధి నుంచి మనకు మిగిలిన జ్ఞాపకాలు. రోజులన్నీ ఒకే తీరుగా సాగుతున్నప్పుడు మనసును పట్టి ఉంచేది ఏదీ ఉండదు కనుక ధ్యాస పదే పదే గడియారం మీదికి పోయి గంట బరువెక్కుతుంది. అదే రోజు నుంచి గుర్తుంచుకోవలసినది ఏదీ మిగలదు కనుక, ఆరు నెలల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఆ రోజు ఉన్నట్టే ఉండదు. భాగాల లెక్క చెప్పుకోవడానికి ముచ్చటగా ఉంటుంది గానీ దాని మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. నాన్నగారు అన్నవి ఆ రెండు మాటలే అయితే అది మతిమరుపు కాదు. అయితే గమనించవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిని తర్వాత చెబుతాను.

నేను చెన్నైలోని ఒక కళాశాలలో 26 ఏళ్ళు మనస్తత్వశాస్త్రం బోధించి, ప్రయోగశాల తరగతులు నడిపి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు కోడంబాక్కంలో వారానికి మూడు సాయంత్రాలు కౌన్సెలింగ్ చేస్తున్నాను. నాకు వైద్య పట్టా లేదు. వైద్యానికి సంబంధించిన మాట ఏదైనా ఇక్కడ కనిపిస్తే దాన్ని ఆ మేరకే తీసుకోండి.

మా రెండో ఏడాది విద్యార్థుల రికార్డు పుస్తకంలో కాలవ్యవధిని అంచనా కట్టే ప్రయోగం ఒకటి ఉండేది. ఇద్దరిద్దరు జంటగా కూర్చుంటారు, ఒకరి చేతిలో స్టాప్‌వాచ్ ఉంటుంది. రెండోవారిని నాలుగు నిమిషాలు ఖాళీ గోడ వైపు చూస్తూ కూర్చోమని ఒకసారి, అంతే వ్యవధిలో పేకముక్కలను గుర్తులవారీగా వేరు చేయమని ఇంకోసారి చెబుతాం. ఎంతసేపు గడిచిందో చెప్పాలని ముందుగానే తెలిసి ఉంటే, గోడను చూసినవారు ఉన్నదానికంటే ఎక్కువ చెబుతారు, ముక్కలు వేరు చేసినవారు తక్కువ చెబుతారు. ఇది ఎవరైనా ఊహించగలిగినదే. అసలు విశేషం ఏమిటంటే, కాలం గురించి అడుగుతామన్న మాట ముందు చెప్పకుండా, పని అంతా అయిన తర్వాత హఠాత్తుగా అడిగితే ఫలితం తిరగబడుతుంది. అప్పుడు వాళ్ళ దగ్గర లెక్క ఉండదు, జ్ఞాపకం మాత్రమే ఉంటుంది. జ్ఞాపకాన్ని తడుముకున్నప్పుడు ఏ వ్యవధిలో ఎక్కువ సంగతులు, ఎక్కువ మార్పులు దొరికితే ఆ వ్యవధే పొడవుగా తోస్తుంది. ఈ రెండో రకం ప్రయోగాన్ని ఒక మనిషి మీద ఒక్కసారే చేయగలం. మరుసటి వారం ప్రయోగశాల తలుపు తీయగానే ఆ విద్యార్థి మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టడం మొదలుపెడతాడు. అందుకని రికార్డులు దిద్దుతున్నట్టు నటిస్తూ ఆ ప్రయోగం చేయవలసి వచ్చేది. ఒక ఏడాది సీనియర్లు ముందే చెప్పేయడంతో ఆ బ్యాచ్ ఫలితాలన్నీ పనికిరాకుండా పోయాయి.

ధ్యాస ఎలా పనిచేస్తుందో చెప్పడానికి నేను తరగతిలో మన గడియ పాత్రనే ఉదాహరణగా వాడేవాడిని. గడియ అన్న మాటను ఇప్పుడు మనం కాసేపు అన్న అర్థంలో వాడేస్తున్నాం గానీ, అది ఒకప్పుడు కచ్చితమైన కొలత: రోజుకు 60 గడియలు, గడియకు 24 నిమిషాలు. అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీళ్ళ మీద వదిలితే, నీరు మెల్లగా లోపలికి ఊరి, గిన్నె మునిగేసరికి ఒక గడియ గడిచినట్టు లెక్క. మెదడు కాలాన్ని కొలిచే తీరుకు మనస్తత్వవేత్తలు 1960ల నుంచి వాడుతున్న నమూనా కూడా ఇలాంటిదే. లోపల ఏదో ఒకటి క్రమంగా స్పందనలను పుట్టిస్తూ ఉంటుంది, అవి ఒకచోట పోగవుతాయి, ఎన్ని పోగయితే అంత కాలం గడిచిందని మనసు అనుకుంటుంది. అయితే మన లోపలి గిన్నెకు రంధ్రం ఎప్పుడూ ఒకే పరిమాణంలో ఉండదు. కాలం మీద ధ్యాస పెడితే అది వెడల్పవుతుంది, పని మీద పెడితే సన్నబడుతుంది. గిన్నె మునిగిపోయింది కాబట్టి గడియ అయిపోయి ఉండాలని మనం అనుకుంటాం, తలెత్తి చూస్తే గోడ గడియారం పది నిమిషాలు మాత్రమే చూపిస్తుంది. ఇది అర్థం కావడానికి చెప్పిన నమూనా మాత్రమే. మెదడులో ఫలానా చోట ఇలాంటి గిన్నె ఉన్నదని ఎవరూ చూపించలేదు. సెకన్ల లెక్కలో మెదడులోని అనేక భాగాలు పాలుపంచుకుంటాయి. నిద్రనూ మెలకువనూ నడిపే 24 గంటల గడియారం వేరు, అది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగంలో దాదాపు 20,000 కణాల చిన్న గుంపు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడే వ్యాసాలు చాలా కనిపిస్తాయి, జాగ్రత్తగా చదవండి.

ఇప్పుడు మీ మూడు నుంచి ఐదు గంటల సంగతి. మధ్యాహ్నం భోజనం తర్వాత కొద్ది గంటలపాటు చురుకుదనం తగ్గడం శరీరధర్మం. ఆ మందకొడితనంలో పని మనసుకు పట్టదు, పట్టని మనసు గడియారాన్ని చూస్తుంది, చూసినప్పుడల్లా రంధ్రం పెద్దదవుతుంది. మీరు ఆ రెండు గంటల్లో ఎన్నిసార్లు సమయం చూస్తున్నారో ఒక కాగితం మీద గీతలు గీసుకుని లెక్కపెట్టండి. నా దగ్గరకు వచ్చే ఐటీ ఉద్యోగుల్లో ఈ లెక్క చూసి నవ్వుకోనివారు లేరు. ఇంకొక చిన్న విశేషం. ముల్లు ఉన్న గడియారం వైపు చటుక్కున చూపు తిప్పితే, ఆ మొదటి సెకను మిగతా సెకన్లకంటే పొడవుగా, ముల్లు ఆగిపోయినట్టుగా కనిపిస్తుంది. కన్ను ఒకచోటి నుంచి మరొకచోటికి దూకినప్పుడు ఏర్పడే ఖాళీని మెదడు, తర్వాత కనిపించిన దృశ్యంతో వెనక్కి పూడ్చుకుంటుంది, అందుకే ఆ భ్రమ. మీ కార్యాలయ గడియారంలో దోషమేమీ లేదు.

ఎదురుచూపుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. వరుసల్లో నిలబడేవారి మనస్తత్వం గురించి డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసంలో, ఊరికే ఉన్న నిరీక్షణ పని ఉన్న నిరీక్షణకంటే పొడవుగా తోస్తుందనీ, ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసినదానికంటే పొడవుగా తోస్తుందనీ చెప్పాడు. మెట్రో స్టేషన్‌లో తర్వాతి రైలుకు ఆరు నిమిషాలు అని బోర్డు మీద కనిపిస్తే మనం నింపాదిగా నిలబడతాం. బస్సు ఎప్పుడు వస్తుందో తెలియని స్టాపులో అవే ఆరు నిమిషాలు మెడ నొప్పి పుట్టిస్తాయి.

ఇక గడిచిపోయిన కాలం. నాకు ఇదే ఎక్కువ ఆసక్తికరమైన భాగం, మీ నాన్నగారి మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది.

1962 జూలై 16న మిషెల్ సిఫ్ర్ అనే 23 ఏళ్ళ ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక గుహలోకి గడియారం లేకుండా దిగాడు. లోపల పగటి వెలుగు లేదు, రాత్రింబవళ్ళ తేడా లేదు. నిద్రపోయేటప్పుడూ లేచినప్పుడూ తిన్నప్పుడూ అతనే పైనున్నవారికి ఫోన్ చేసి చెప్పాలి, పైవాళ్ళు మాత్రం అతనికి సమయం చెప్పకూడదు. సెప్టెంబరు 14న అతన్ని పైకి రమ్మన్నప్పుడు, అతని లెక్క ప్రకారం ఆ రోజు ఆగస్టు 20. అంటే 25 రోజులు అతని లెక్కలోంచి జారిపోయాయి. సెకనుకు ఒకటి చొప్పున 120 వరకు లెక్కపెట్టమంటే అతనికి దాదాపు అయిదు నిమిషాలు పట్టింది. విచిత్రమేమిటంటే అతని శరీరం మాత్రం పెద్దగా దారి తప్పలేదు. నిద్రా మెలకువల చక్రం దాదాపు 24 గంటల 30 నిమిషాల చొప్పున తిరుగుతూనే ఉంది. శరీరానికి రోజులు తెలుసు, మనసుకు తెలియలేదు. చీకటిలో ఒక రోజుకూ మరుసటి రోజుకూ తేడా చూపించే గుర్తు ఏదీ లేకపోవడం వల్ల, జ్ఞాపకంలో రోజులు ఒకదాని మీద ఒకటి పడి ఒకటైపోయాయి.

మీ ఫ్లాటు గుహ కాదు. అయినా ఒంగోలులో ఆయన రోజు ఎలా గడిచేదో ఒకసారి ఊహించండి. పాలవాడు, పేపరు, వీధి చివర టీ బంకు, ఆ వీధిలో పోయే పదిమంది పలకరింపులు, శనివారం గుడి, కార్తీక సోమవారాలు, పక్కింటి పెళ్ళి, ఎదురింటి తగవు. ఒక్కో రోజుకు ఒక్కో ముడి పడేది. వేళచ్చేరిలో నాలుగో అంతస్తులో ఆయనకు ఆ ముళ్ళు లేవు. బయటకు వెళితే దుకాణాల పేర్లు చదవలేరు కాబట్టి వీధి కూడా మనసులో నిలవదు. చివరకు క్యాలెండరు కూడా ఆయనది కాదు: మన నెలలు చంద్రుణ్ణి పట్టుకుని అమావాస్యతో ముగుస్తాయి, తమిళుల నెలలు సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తాయి. కార్తీకం అంటే ఆయన అనుకునే రోజులు ఒకటి, గోడ మీద కనిపించే కార్తిగై రోజులు మరొకటి. చెన్నైలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉన్న నాకే ఇప్పటికీ ఆషాఢానికీ తమిళుల ఆడి నెలకీ తికమక వస్తుంది. ఇన్ని గుర్తులు ఒకేసారి తొలగిపోయినప్పుడు, ఎనిమిది నెలలు రెండు నెలలుగా తోచడంలో ఆశ్చర్యమేమీ లేదు. అదే మనిషికి ప్రతి సాయంత్రం గడవకపోవడంలోనూ ఆశ్చర్యం లేదు. "పొద్దు పోదు" అన్నది ధ్యాస చెప్పే మాట, "అప్పుడే ఎనిమిది నెలలా" అన్నది జ్ఞాపకం చెప్పే మాట. ఆయన రెండూ నిజాయితీగానే చెబుతున్నారు.

అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే ఈ సంగతి చాలా స్పష్టంగా రాశాడు: ఆసక్తికరమైన అనుభవాలతో నిండిన కాలం గడిచేటప్పుడు పొట్టిగానూ తలచుకున్నప్పుడు పొడవుగానూ ఉంటుంది, ఖాళీగా గడిచిన కాలం గడిచేటప్పుడు పొడవుగానూ తలచుకున్నప్పుడు పొట్టిగానూ ఉంటుంది.

వయసు లెక్క విషయానికి వస్తే, మీరు చదివినది 1877లో పాల్ జానే అనే ఫ్రెంచి తత్త్వవేత్త ప్రతిపాదించినది. పదేళ్ళ పిల్లవాడికి ఏడాది జీవితంలో పదో వంతు, యాభై ఏళ్ళవాడికి యాభయ్యో వంతు, కాబట్టి అదే నిష్పత్తిలో పొట్టిగా అనిపిస్తుందని ఆయన వాదం. నా అభ్యంతరం సులభమైనది. ఆ లెక్క నిజమైతే ఏడాదితో పాటు వారం, నెల కూడా అదే నిష్పత్తిలో కుంచించుకుపోవాలి. మార్క్ విట్‌మన్, సాండ్రా లేన్‌హాఫ్ అనే పరిశోధకులు జర్మనీ, ఆస్ట్రియాలలో 14 నుంచి 94 ఏళ్ళ వయసున్న 499 మందిని అడిగి 2005లో ప్రచురించిన ఫలితాల్లో అలా కనిపించలేదు. గత వారం, గత నెల ఎంత వేగంగా గడిచాయన్న ప్రశ్నకు చిన్నవారూ పెద్దవారూ దాదాపు ఒకేలా జవాబిచ్చారు. గత పదేళ్ళు ఎలా గడిచాయన్న ప్రశ్న దగ్గర మాత్రమే వయసు తేడా కనిపించింది, అదీ ఓ మోస్తరుగానే. అంటే వయసు మన గంటలను వేగవంతం చేయడం లేదు. పదేళ్ళను వెనక్కి తిరిగి చూసే చూపులో తేడా వస్తోంది. దీనికి జానే లెక్కకంటే జ్ఞాపకాల లెక్కే బాగా సరిపోతుంది. సుమారు పదేళ్ళకూ ముప్ఫై ఏళ్ళకూ మధ్య జరిగినవే మనకు ఎక్కువగా గుర్తుంటాయని, పెద్దవయసువారి జ్ఞాపకాలను పరిశీలించినవారు పదే పదే గమనించారు. మొదటి హాస్టలు, మొదటి జీతం, పెళ్ళి, అన్నీ అక్కడే ఉంటాయి. నలభై దాటాక మొదటిసారి జరిగేవి తక్కువ.

కరోనా కాలం కూడా ఇదే చెప్పింది. 2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు అందరి వయసూ ఉన్నచోటే ఉంది, కానీ కొందరికి కాలం ఈడ్చుకుపోయింది, కొందరికి పరిగెత్తింది. బ్రిటన్‌లో రూత్ ఆగ్డెన్ అనే మనస్తత్వవేత్త ఆ వసంతంలోనే జరిపిన సర్వేలో ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా తమకు కాలం నడక మారినట్టు తోచిందన్నారు, నెమ్మదించిందన్నవారూ వేగం పుంజుకుందన్నవారూ ఉన్నారు.

అయితే మీ పాప నామకరణం మొన్ననే జరిగినట్టు ఉండటం మాత్రం వేరే రకం, దీన్ని పైదానితో కలపకండి. అక్కడ జ్ఞాపకం తక్కువై కాదు, మరీ స్పష్టంగా ఉండి అలా అనిపిస్తోంది. మనసు దూరాన్ని స్పష్టతతో కొలుస్తుంది: తేటగా కనిపించినది దగ్గరిది అనుకుంటుంది. నేను కౌన్సెలింగ్‌కు వచ్చేవారిని మాటల మధ్యలో వర్దా తుఫాను వచ్చి ఎన్నేళ్ళయిందని అడుగుతుంటాను. అది 2016 డిసెంబరు 12న చెన్నైని తాకింది. పడిపోయిన చెట్లు, రోజుల తరబడి కరెంటు లేని రాత్రులు కళ్ళకు కట్టినట్టు చెబుతారు, ఏళ్ళు మాత్రం తక్కువ చెబుతారు. దానికి ముందటి ఏడాది వరదలను అడిగితే, అవి వర్దాకు ముందా తర్వాతా అని తడబడేవారు కూడా ఉంటారు. తెలుగులో "నిన్నమొన్నటి మాటలా ఉంది" అనే మాట పుట్టింది ఈ పొరపాటు నుంచే కావచ్చు.

ప్రమాదంలో కాలం ఆగిపోయినట్టు అనిపించడం కూడా జ్ఞాపకం పనేనని నమ్మడానికి ఒక మంచి ప్రయోగం ఉంది. నాకు స్వయంగా ఆ అనుభవం ఉంది. తాంబరం దగ్గర వాన నీటిలో నా స్కూటరు జారినప్పుడు, ఎదురుగా వస్తున్న లారీ ముందు భాగంలో కట్టిన నిమ్మకాయలు ఎన్నో లెక్కపెట్టగలిగినంత తీరిక దొరికిందని చాలాకాలం అనుకునేవాణ్ణి. నాడీశాస్త్రవేత్త డేవిడ్ ఈగిల్‌మన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో మనుషులను 31 మీటర్ల ఎత్తు నుంచి వలలోకి వదిలారు. చేతికి కట్టిన పరికరంలో అంకెలు మామూలు కంటికి అందనంత వేగంగా మారుతూ ఉంటాయి. నిజంగానే కాలం నెమ్మదిస్తే పడుతున్నవారు వాటిని చదవగలగాలి. నేల మీద ఉన్నప్పటికంటే మెరుగ్గా చదవలేకపోయారు. కానీ తాము పడిన సమయాన్ని, ఇతరులు పడిన సమయంతో పోలిస్తే, సగటున 36 శాతం ఎక్కువగా చెప్పారు. అంటే ఆ క్షణంలో చూపు వేగం పెరగలేదు, భయం వల్ల జ్ఞాపకం దట్టంగా ముద్రపడి తర్వాత పొడవుగా కనిపించింది. నా నిమ్మకాయల లెక్క మీద ఆ తర్వాత నాకు నమ్మకం పోయింది.

శరీర స్థితి పాత్ర లేదనడం లేదు. హడ్సన్ హోగ్లాండ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడి భార్యకు తీవ్ర జ్వరం వచ్చినప్పుడు, ఆయన మందుల దుకాణానికి వెళ్ళి కాసేపటికే తిరిగివస్తే, చాలాసేపు వదిలి వెళ్ళారని ఆమె నిష్ఠూరమాడారట. ఆయన వెంటనే ఆమెను సెకనుకు ఒకటి చొప్పున 60 వరకు లెక్కపెట్టమన్నాడు. జ్వరం ఎంత ఎక్కువ ఉంటే ఆమె అంత వేగంగా లెక్కపెట్టింది. జ్వరంతో ఉన్న భార్య చేత అన్నిసార్లు లెక్కపెట్టించిన ఆ మనిషి గురించి నా విద్యార్థినులకు వేరే అభిప్రాయం ఉండేది, అది వేరే సంగతి. 1933లో ఆయన దాన్ని ప్రచురించాడు. దిగులు వ్యాధిగా మారినవారికి కూడా కాలం కదలదు, వాళ్ళకు అది విసుగులా కాక బురదలో నడకలా ఉంటుంది. నిద్ర, ఆకలి, ఇష్టాలు కూడా తగ్గి, రెండు వారాలకు మించి అలాగే ఉంటే కాలక్షేపం చూపించి సరిపెట్టకండి, మానసిక వైద్యుణ్ణి కలవండి.

ఇక నాన్నగారు. మతిమరుపు తేల్చే పరీక్షల్లో వ్యవధిని ఎంత తప్పుగా అంచనా కట్టారన్నది కాక, ఇప్పుడు కాలంలో తాము ఎక్కడున్నారో తెలుసా అన్నది చూస్తారు. వైద్యులు చాలాకాలంగా వాడుతున్న 30 మార్కుల పరీక్షలో మొదటి 5 మార్కులు సంవత్సరం, రుతువు, నెల, తేదీ, వారం చెప్పడానికే. తేదీ ఒకటి రెండు రోజులు అటూఇటూ కావడం, పని మానేసిన ఎవరికైనా మామూలే. సంవత్సరం తప్పడం, ఉదయమో సాయంత్రమో తెలియకపోవడం, కాసేపటి క్రితం భోంచేసిన సంగతి మరచి మళ్ళీ అడగడం, జరిగినవాటి వరుస తలకిందులు కావడం, వీటిలో ఏది కనిపించినా వైద్యుడికి చూపించండి. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ సమస్య వంటివి సరిదిద్దగలిగిన కారణాలు కూడా ఉంటాయి. నిన్నటిదాకా బాగున్న పెద్దాయన ఒక్క రోజులో వేళాపాళా తెలియకుండా మాట్లాడితే మాత్రం అది మతిమరుపు అనుకుని వేచి ఉండకండి. ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం లాంటివి అలా చేస్తాయి, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

అవేవీ లేకపోతే, నేను పెరంబూరులో ఒక పెద్దాయనతో చేయించినది మీరూ చేసి చూడవచ్చు. ఆయన రైలుపెట్టెల కర్మాగారంలో దాదాపు జీవితమంతా పనిచేసి విరమించినవారు, షిఫ్టుల ప్రకారం బతికిన మనిషి. విరమించిన రెండో ఏట నా దగ్గరకు వచ్చి, ఉన్నమాట చెప్పాలంటే మీ నాన్నగారి రెండు వాక్యాలనే చెప్పారు. కొత్త అలవాట్లు, యోగా, వాట్సాప్ గుంపులు అన్నీ పిల్లలు అప్పటికే ప్రయత్నించారు. వాట్సాప్ గురించి ఒక్క మాట: చిన్న చిన్న వీడియోలు గంటను ఇట్టే మింగుతాయి గానీ, సాయంత్రానికి వాటిలో ఒక్కటీ గుర్తుండదని నా దగ్గరకు వచ్చే ప్రతివారూ ఒప్పుకుంటారు, గడిచేటప్పుడూ పొట్టే, తలచుకున్నప్పుడూ పొట్టే. ఆయన ఇంట్లో రోజుకో కాగితం చించే గోడ క్యాలెండరు ఉంది. ఆ కాగితాన్ని పారేయకుండా, దాని వెనుక నిన్న జరిగినవాటిలో ఒక్క సంగతిని ఒక్క వాక్యంలో రాసి పెట్టెలో వేయమన్నాను. మొదట పదిరోజులు "ఏమీ లేదు" అని రాశారు. తర్వాత రాయడానికి ఏదో ఒకటి ఉండాలన్న పట్టుదలతో ఎదురింటి కుక్కపిల్ల గురించి, పక్క సందులో మూతపడిన ఇస్త్రీ బండి గురించి, వంజరం చేప ధర గురించి రాయడం మొదలైంది. మూడు నెలల తర్వాత తొంభై కాగితాల కట్ట పట్టుకుని వచ్చారు. ఆయన మధ్యాహ్నాలు ఏమాత్రం తొందరగా గడవడం లేదని నిక్కచ్చిగా చెప్పారు. కానీ ఆ మూడు నెలలు మూడు నెలల్లాగే ఉన్నాయన్నారు. నేను ఆశించినది అంతే.

మధ్యాహ్నాల సంగతికి చిట్కా వేరు: వాటికి జ్ఞాపకం కాదు, చేతికి పని కావాలి, అదీ ఒక వేళకు వేరొకరు ఎదురుచూసే పని. మీ పాపను స్కూలు బస్సు దగ్గర నుంచి తీసుకురావడం, ఆమెకు తెలుగు ఎక్కాలు నేర్పడం లాంటిది ఏదైనా సరే. ఆఫీసుకు రోజుకో కొత్త దారిలో వెళ్ళమని మీకు చాలామంది సలహా ఇస్తారు. ఓఎంఆర్‌కు కొత్త దారులు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు, పైగా దారి మారినంత మాత్రాన జ్ఞాపకం మిగలదు. అంతకంటే ఆ రెండు గంటల్లో చేసే పనుల్లో కనీసం ఒకదాన్ని ఎవరితోనైనా కూర్చుని చేసేదిగా మార్చుకోండి, కంప్యూటరు తెర మూలన ఉండే గడియారాన్ని కనిపించకుండా పెట్టండి.

నాన్నగారికి తెలుగు పంచాంగం ఉన్న రోజువారీ క్యాలెండరు తెచ్చి ఇవ్వండి, కాగితం వెనుక ఆయన చేత్తోనే రాయనివ్వండి, మీరు రాసిపెట్టకండి. నెల తర్వాత ఆ కాగితాలు తిరగేసి ఆయన ఏమన్నారో వీలైతే ఇక్కడ తెలియజేయండి. ఆ కాగితాల మీద తేదీలో వరుసలో తడబాటు కనిపిస్తే మాత్రం, ఇక్కడ రాయడానికంటే ముందు వైద్యుడి దగ్గరకు వెళ్ళండి, ఆ కట్టను కూడా వెంట తీసుకువెళ్ళండి.